సారు గోల్ఫ్ సెట్టుకి చలికాలపు కాపలా

ఆ రోజుల్లో సింగపూరులో చలి కావాలంటే ఆఫీసుకి వెళ్లాల్సిందే. బయట ఏడాది పొడుగునా ఒకటే ఉక్క. జనవరికీ మే నెలకీ తేడా తెలియాలంటే గోడమీద క్యాలెండరు చూసుకోవాలి. ఆఫీసులో అడుగుపెడితే మాత్రం పళ్లు టకటకలాడేవి. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోయి కుప్పకూలతాయని, వాటిని నిలబెట్టడానికి మనుషులు కావాలని కబురొచ్చిందే తడవు, మా గుంటూరు జిల్లానుంచి విమానాలెక్కిన మందలో నేనూ ఒకణ్ణి (కంప్యూటరు గురించి నాకు అప్పటికి ఎంత తెలుసన్నది వేరే సంగతి, అడక్కండి). మిట్టమధ్యాహ్నం ఎండలో చంకలో స్వెట్టరు పెట్టుకుని ట్రైను దిగే మనిషి కనబడితే, ఆ మనిషి మన ప్రోగ్రామరేనని దూరంనుంచే చెప్పేయొచ్చు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ డిసెంబరులో నాకు పట్టిన చెమటలు మాత్రం ఎండవల్ల కాదు. ఒక గోల్ఫ్ సెట్టువల్ల.

ఆ సెట్టు మా సారుది. సారుది నెల్లూరు. మేమింకా నిక్కర్లేసుకునే రోజుల్లోనే సింగపూరు వచ్చి పాతుకుపోయిన మనిషి. తెలుగు నెల్లూరిదే, మధ్యమధ్య అక్కడి మలయ్ భాష మాటలు దొర్లేవి. కంగారు పుడితే "అలామక్!" అనేవారు. ఆకలేస్తే "పదండయ్యా, మకాన్ చేద్దాం" అనేవారు. కోపం వస్తే మాత్రం ఏ భాషా ఉండేది కాదు. ఊరికే చూసేవారు. ఆ చూపు పడ్డవాడు ఆ పూట అన్నం సరిగ్గా తినలేకపోయేవాడు. ఆయన మాటే కంపెనీలో శాసనం. నా ఉద్యోగం ఆయన చేతిలో ఉంది, అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి కూడా ఆయన చేతిలోనే ఉంది.

అదేమిటంటే, నా భార్య. తప్పుగా అనుకోకండి. శ్రావణంలో నాకు పెళ్లయింది. సెలవు అయిపోగానే ఆవిణ్ణి బాపట్లలో పుట్టింట్లో వదిలేసి విమానం ఎక్కేశాను. ఆవిడ సింగపూరు రావాలంటే కంపెనీ పూచీ ఉండాలి. కంపెనీ పూచీ ఇవ్వాలంటే సారు హెచ్.ఆర్. మేడమ్‌తో ఒక్క మాట చెప్పాలి. రాగానే ఒకరోజు లిఫ్టులో సారు ఒంటరిగా దొరికితే, గుండె చిక్కబట్టుకుని అడిగేశాను. "చూద్దాం" అన్నారు. లిఫ్టు తలుపు తెరుచుకుంది, ఆయన వెళ్లిపోయారు. ఆ ఒక్క మాటమీద నేను నెలల తరబడి బతికాను. సారు నన్ను పరీక్షిస్తున్నారని, నా పనితనమూ నడవడికా కనిపెడుతున్నారని, అన్నీ బాగున్నాయనిపించిన రోజున ఆయనే పిలిచి వరమిస్తారని అనుకున్నాను. అందుకని ఆయన దగ్గరికి వస్తే లేచి నిలబడేవాణ్ణి, ఆయన జోకులకి అందరికంటే ముందు నవ్వేవాణ్ణి. శనివారం శనివారం ఫోను కార్డు గీకి బాపట్లకి ఫోను చేసేవాణ్ణి. అటునుంచి మొదటి మాట ఒకటే.

"అడిగారా?"

"సందర్భం చూసుకుని అడుగుతాను."

"ఆ సందర్భానికి ముహూర్తం ఏమైనా పెట్టించాలా, పంతులుగారిని కనుక్కోమంటారా?"

మా ఆవిడ మాట అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నేనేదో నసిగేవాణ్ణి, కార్డులో నిమిషాలు అయిపోయేవి.

ఇలా ఉండగా నవంబరు చివర్లో సారు నన్ను గదిలోకి పిలిచారు. వరమే అనుకుని లోపలికి వెళ్లాను. గోడకి ఆనించి ఒక గోల్ఫ్ బ్యాగు ఉంది. విషయమేమిటంటే, సారు ఒక మంచు దేశంలో ఉన్న మా క్లయింటు ఆఫీసుకి సంక్రమణకాలం అంతా (అంటే కంప్యూటర్లకి గండం గడిచేదాకా) వెళుతున్నారు. పిల్లలకి బడి సెలవులు కాబట్టి సారు భార్య వాళ్లని తీసుకుని ఇండియా వెళ్లిపోయారు. ఇల్లు తాళం. తాళం వేసిన ఇంట్లో, డిసెంబరు వానల్లో, ఆ సెట్టుని వదిలి వెళ్లడానికి సారుకి ప్రాణం ఒప్పలేదు. అందులో ఇనప తలలవి కొన్ని, చెక్క తలలవి కొన్ని. ఆ చెక్క తలలవి సారు మొదటి యజమాని రిటైరై వెళ్లిపోతూ ఇచ్చినవట. ఇప్పుడు అలాంటివి ఎవరూ చేయరట. "సరే సార్, ఈ కర్రలు నేను చూసుకుంటాను" అన్నాను. సారు చూశారు. "కర్రలు కాదయ్యా. క్లబ్బులు అనాలి" అన్నారు. ఆ తర్వాత సొరుగులోంచి ఇంటర్నెట్‌లోంచి తీసిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టారు. చలికాలంలో గోల్ఫ్ క్లబ్బులని ఎలా భద్రపరచాలన్నది దాని సారాంశం. గోరువెచ్చటి నీళ్లతో తుడవాలి, తడి లేకుండా ఆరబెట్టాలి, కారు డిక్కీలో పెట్టకూడదు, ఇంట్లోనే గది ఉష్ణోగ్రతలో ఉంచాలి, ఇలా ఉంది వరస.

"సింగపూరులో చలికాలం ఎక్కడిది సార్?" అన్నాను.

"డిసెంబరు ఎక్కడైనా డిసెంబరే. నువ్వు టెస్టరువి కదా, రాసినది రాసినట్టు చేయడమే నీ పని. అక్షరం పొల్లుపోకూడదు."

అంత మాటన్నాక ఇంకేముంది? ఇదే నా పరీక్ష అనుకున్నాను. దీంట్లో నెగ్గితే మా ఆవిడ సింగపూరులో ఉన్నట్టే. ఆ బ్యాగుని భుజాన వేసుకుని జురాంగ్ ఈస్ట్‌లో మా ఫ్లాటుకి తీసుకెళ్లాను. ట్రైనులో జనం నాకు దారి ఇచ్చారు. జీవితంలో మొదటిసారి నన్ను పెద్దమనిషి అనుకున్నారు.

ఫ్లాటులో నాతో ఉండేవాడు బావ. నాకు బావ కాదు, ఎవరికీ బావ కాదు. వరంగల్లువాడు. ఎవరు కనబడినా "బావా" అని పిలుస్తాడు కాబట్టి మేమూ అతన్ని బావ అనేవాళ్లం. మా కంపెనీలోనే సర్వరు రూములో ఆపరేటరు. నేను బాత్రూములో స్టూలు వేసుకుని ఒక్కొక్క క్లబ్బుకీ గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయిస్తుంటే, తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. "గీ కట్టెలకు గింత సేవనా బావా? మా ఇంట్ల పసిపిల్లలకు గూడ ఇంత జెయ్యరు" అన్నాడు. స్నానం అయితే అయింది గానీ ఆరడం లేదు. బయట వాన. ఫ్లాటులో బట్టలే మూడు రోజులు ఆరవు. బావ బీరువాలో పెట్టుకున్న తోలు బెల్టుమీద అప్పటికే పచ్చగా బూజు మొలిచింది. రేపు సారు చెక్క తలలమీద కూడా ఇలాగే మొలిస్తే?

"పసిపిల్లకు తానం బోసినంక ఏం జేస్తరు?" అన్నాడు బావ తాపీగా. "సాంబ్రాణి పొగ వెడ్తరు. తడంత గుంజుకుంటది."

నవ్వకండి. ఆ క్షణాన అది నాకు మహా శాస్త్రీయంగా తోచింది. మనవాళ్ల కొట్లుండే లిటిల్ ఇండియానుంచి సాంబ్రాణి తెచ్చాం. ఇనప మూకుడులో బొగ్గులు రాజేసి, పైన బుట్ట బోర్లించి, దానిమీద క్లబ్బులని తలలు కిందికి పెట్టి పడుకోబెట్టాం. పిల్ల జుట్టు విడదీసినట్టు బావ ఒక్కొక్కదాన్నీ పొగలో తిప్పుతున్నాడు. అంతలో తలుపు దగ్గర ఎదురింటి చైనీస్ ఆంటీ నిలబడింది. పొగ చూసి భయపడి వచ్చినట్టుంది. లోపలి దృశ్యం చూసి ఆవిడ ముఖం ప్రశాంతమైపోయింది. "ప్రేయింగ్ ఆ? గుడ్, గుడ్ లా" అని రెండు చేతులూ జోడించి, ఆ క్లబ్బులకి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. ఆవిడ మర్నాడు నన్ను లిఫ్టు దగ్గర ఆపి, ఆ దేవుడు పరీక్షలు పాస్ చేయిస్తాడా అని అడిగింది, మనవడికోసం. చేయిస్తాడనే ఆశతోనే ఉన్నానని చెప్పాను.

తడి పోయింది. కానీ అసలు చిక్కు అప్పుడు కనబడింది. గది ఉష్ణోగ్రత అన్నారు కదా, ఏ గది? కాగితంలో కింద చిన్న అక్షరాల్లో ఇరవై డిగ్రీలని ఉంది. మా గదిలో ఎంతుందో చూద్దామని బావ జ్వరం థర్మామీటరు తెచ్చి కిటికీలో పెట్టాడు. మా గదికి జ్వరం లేదని తేలింది, అంతకంటే ఏమీ తేలలేదు. ఫ్లాటులో ఏసీ ఒక్కటే, అదీ అద్దెకిచ్చినవాడి షరతు ప్రకారం పడుకునే ముందు కాసేపే. ఇరవై డిగ్రీలు రాత్రింబవళ్లు ఉండే గది సింగపూరు మొత్తంమీద నాకు తెలిసింది ఒక్కటే ఉంది. మా ఆఫీసు సర్వరు రూము. చల్లన, పొడి గాలి, దుమ్ము లేదు, తాళం ఉంది. అంతకంటే క్షేమమైన చోటు మహారాజుల ఖజానాకి కూడా దొరకదు. ఇద్దరి కార్డులు వరసగా గీకితేగానీ తెరుచుకోని తలుపు అది. బావది ఒకటి, నాది ఒకటి. మర్నాడు ఇద్దరం బ్యాగుని తీసుకెళ్లి, చిట్టచివరి యంత్రాల వరసకి వెనక మూలన నిలబెట్టాం. గాలి నేరుగా తగిలి చెక్క పగులుతుందేమోనని నా అనుమానం. అందుకని నా శాలువ కప్పాను. సింగపూరు ఫారిన్ కదా, చలిగా ఉంటుందని మా ఆవిడ పెళ్లయిన వారానికే కొని పెట్టెలో పెట్టింది. ఆ మూలన ముసుగేసుకుని కూర్చున్న ముసలమ్మలా ఉంది బ్యాగు. నాకు ప్రాణం లేచొచ్చింది.

వారం వారం సారుతో ఆఫీసులో అందరం స్పీకరు ఫోను చుట్టూ కూర్చుని మాట్లాడేవాళ్లం. చివర్లో అందరూ లేచి వెళ్లిపోతుంటే నేను ఫోను దగ్గరికి జరిగి అడిగేవాణ్ణి. "సార్, తలలకి ఆ ఊలు కవర్లు ఉంచమంటారా, తీసేయమంటారా?" "సార్, బ్యాగు జిప్పు తెరిచి ఉంచమంటారా?" "సార్, నిలబెట్టాలా, పడుకోబెట్టాలా?" సారు విసుక్కునేవారు కాదు. ఒక్కోదానికీ ఆలోచించి జవాబు చెప్పేవారు. మార్కులు పడుతున్నాయని లోలోపల మురిసిపోయేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే పిడుగు పడింది. ఒక సోమవారం స్పీకరు ఫోనులో సారు గొంతు మారింది. గండం దగ్గర పడుతోంది కాబట్టి ఆ రోజునుంచి సర్వరు రూముకి సీలు అన్నారు. యంత్రం మొరాయిస్తే తప్ప ఎవరూ తలుపు తీయకూడదు. "ఆ గదిలో యంత్రాలు తప్ప చీపురుపుల్ల కూడా ఉండటానికి వీల్లేదు. ఉందని తెలిసిందా, పెట్టినవాణ్ణి అదే రోజు విమానం ఎక్కిస్తాను. కారణం లేకుండా తలుపు తీసినవాడికీ అదే విమానం." గదిలో అందరూ తలలూపారు. బావ నా వంక చూశాడు. నేను బల్లకేసి చూశాను. నోరు తెరిచి చెబుదామనుకున్నాను, నిజంగా అనుకున్నాను. అంతలో సారే, "ఏమయ్యా, నా సెట్టు ఎలా ఉంది?" అన్నారు. నా నోట్లోంచి వచ్చిన మాట: "ఇరవై డిగ్రీల్లో ఉంది సార్."

"శభాష్!" అన్నారు సారు.

ఆ పూటనుంచి నాకు నిద్ర లేదు. సారు జనవరిలో వస్తారు, ఆయన వచ్చేలోపు సీలు తీసేస్తారు, గుట్టుచప్పుడు కాకుండా తెచ్చేసుకోవచ్చని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. రోజూ ఆఫీసుకి రాగానే సర్వరు రూము తలుపుకున్న అద్దంలోంచి చూసేవాణ్ణి. చివరి వరస వెనకనుంచి శాలువ కొంగు కొంచెం కనబడేది. ముదురెరుపు తోపు రంగు. ఆ గదిలో ఉన్నవన్నీ నలుపూ బూడిదరంగూ. అదొక్కటి తోపు. క్లయింటు తరఫున తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఒకడు అద్దానికి ముక్కు ఆనించి, అదేమిటని అడిగాడు కూడా. బావ రెప్ప వెయ్యకుండా, ఏసీ గాలి మళ్లించే గుడ్డ అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ పెద్దమనిషి తలాడించి, మంచి ఏర్పాటని మెచ్చుకుని వెళ్లాడు. నేను బాత్రూములోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాను. ఆ శనివారం బాపట్ల ఫోనులో ఎప్పటి ప్రశ్నే వచ్చింది. "అడగడానికి ఇది సమయం కాదు" అన్నాను. "మీ గొంతు ఏమిటి అలా ఉంది? జ్వరమా?" అంది. జలుబని చెప్పాను.

తర్వాతి శనివారం పొద్దున్న ఫోను మోగింది. ఆవిడ కాదు. సారు.

"ఇప్పుడే చాంగీ ఎయిర్‌పోర్టులో దిగానయ్యా. ఇక్కడి ఏర్పాట్లు కళ్లారా చూస్తానని క్లయింటు ఛైర్మన్ నన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మంచులో ఆడలేక మొహం వాచిపోయి ఉన్నాడు, రేపు పొద్దున్నే ఆడదాం అంటున్నాడు. సాయంత్రం మీ ఇంటికి నేనే వచ్చి సెట్టు తీసుకెళ్తాను. నువ్వు మోసుకురానక్కర్లేదు."

ఎంత దయ! ఫోను పెట్టేశాను. బావ పెసరట్టు తింటున్నాడు. సంగతి చెప్పాను. నెమ్మదిగా చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"నీ కార్డు, నా కార్డు రెండు గీకితెనే తెరుసుకుంటది. నేను రానంటె ఏం జేస్తవ్?"

"నీ కాళ్లు పట్టుకుంటాను."

"వొద్దు తీ, అంగీ తొడుక్కో. పోతె ఇద్దరం గల్సే పోదాం."

ట్రైనులో బావ కునుకు తీశాడు. నా బుర్ర మాత్రం ఊరుకుంటే కదా. తలుపు తీశామని తెలిస్తే ఉద్యోగం పోతుంది. తీయకపోతే సాయంత్రం సారు ఇంటికి వస్తారు, సెట్టు ఉండదు, అప్పుడూ ఉద్యోగం పోతుంది. ఎటు తిరిగినా మా ఆవిడ బాపట్లలోనే ఉంటుంది, తేడా ఏమిటంటే నేను కూడా అక్కడే ఉంటాను. ఇల్లరికపు అల్లుడిలా మామగారి వసారాలో పేపరు చదువుకుంటున్నట్టు కళ్లకి కట్టింది. ఏమాటకామాట, కలిసైతే ఉంటాం కదా అని ఒక్క క్షణం అనిపించింది. సిగ్గేసి ఆ ఆలోచన మానుకున్నాను.

శనివారం కాబట్టి ఆ అంతస్తులో ఎవరూ లేరు. కార్డులు గీకాం. తలుపు తెరుచుకుంది. నేను లోపలికి పరిగెత్తి, బ్యాగుని శాలువతో సహా చంటిపిల్లలా ఎత్తుకుని బయటికి వచ్చాను. బావ తలుపు వేశాడు. అంతే. పట్టుమని నిమిషం పట్టలేదు. ఇంత సులువైన పనికా ఇన్నాళ్లు భయపడ్డామని ఇద్దరం నవ్వుకున్నాం కూడా. శాలువ తీసి చూద్దును కదా, నవ్వు ఆగిపోయింది. ఆ చల్లటి గదిలోంచి కారిడారులోకి వచ్చేసరికి (శనివారం అక్కడ ఏసీ ఉండదు) ఇనప తలలన్నిటికీ చెమటలు పట్టాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు, బొట్లు బొట్లుగా నీళ్లు. చెక్క తలలమీద కూడా. తడి తగలకూడదు, తడి తగలకూడదని అన్నాళ్లు కాపాడిన చెక్క నా కళ్లముందే తడిసిపోతోంది. కారిడారు తివాచీమీద కూలబడి, చొక్కా విప్పేసి, దాంతో తుడవడం మొదలుపెట్టాను. తుడిచినకొద్దీ పడుతోంది. బావ కూడా చొక్కా విప్పాడు.

మాకు తెలియని సంగతి ఒకటుంది. ఆ తలుపు తెరుచుకుంటే సారు పేజరు మోగేలా ఏర్పాటుంది. మంచు దేశంలో ఉన్నంతకాలం ఆ పేజరు పనిచేయలేదు. సింగపూరులో దిగాక పనిచేసింది. సారు అప్పుడు ఎక్కడున్నారనుకుంటున్నారు? ఆఫీసు కిందనే ఉన్న తిండి కొట్ల హాకర్ సెంటర్లో, వచ్చిన రోజునే 'మీ సియామ్' అనే పులుసు నూడుల్స్ తినకపోతే తోచదని కూర్చుని ఉన్నారు.

లిఫ్టు తెరుచుకున్న చప్పుడైంది. "అలామక్! అలామక్!" అంటూ సారు పరిగెత్తుకుంటూ వస్తున్నారు. మంచు దేశపు కోటు చంకలో ఉంది, మూతికి ఎర్రటి పులుసు అంటుకుని ఉంది. "పడిపోయిందా? ఏ సర్వరు పడిపోయింది?"

"ఏదీ పడలేదు సార్" అన్నాడు బావ, బనియనుతో లేచి నిలబడి.

అప్పుడు సారు నన్ను చూశారు. ఒళ్లో సెట్టు, చేతిలో చొక్కా. భాషలన్నీ ఆగిపోయాయి. ఆ చూపు. అయిపోయింది, విమానమే అనుకున్నాను. నా నోరు దానంతటదే మాట్లాడటం మొదలుపెట్టింది. "సార్, ఇరవై డిగ్రీలుండాలని కాగితంలో ఉంది సార్. సింగపూరులో ఇరవై డిగ్రీలున్న గది ఇదొక్కటే సార్. సీలు వేస్తారని నాకు తెలియదు సార్. తెలిశాక చెప్పడానికి ధైర్యం చాల్లేదు సార్. బావకేం సంబంధం లేదు సార్, నేనే లాక్కొచ్చాను."

సారు కోటు కింద పడేసి నా పక్కన తివాచీమీద కూర్చున్నారు. ఒక చెక్క తలని తీసుకుని జేబురుమాలుతో తుడిచారు. గోటితో కొట్టి చూశారు, చెవి దగ్గర పెట్టుకున్నారు. వాసన చూశారు. మళ్లీ చూశారు.

"ఇదేమిటయ్యా, గుళ్లో వాసన?"

"సాంబ్రాణి పొగ వెట్టినం సార్" అన్నాడు బావ.

సారు తలెత్తి బావనీ నన్నూ మార్చి మార్చి చూశారు. తర్వాత శాలువ వంక చూసి, ఎవరిదని అడిగారు. చెప్పాను. ఇక్కడ చలి ఉంటుందని మా ఆవిడ ఇచ్చిందని.

"అవునూ, ఆ అమ్మాయి ఇంకా రాలేదా? నువ్వేదో అడిగినట్టున్నావు?"

నాకు అర్థం కాలేదు. "మీరు చూద్దామన్నారు సార్. లిఫ్టులో."

"అన్నానా?" సారు నిజంగానే ఆలోచించారు. "అయితే మరిచిపోయి ఉంటాను. మళ్లీ అడగలేదేం?"

నేను ఒక ఇనప తలని అందుకుని తుడవసాగాను. సారుకి అప్పుడొచ్చింది అసలు కోపం. మామూలు చూపు కాదు, నోటినిండా మాటలతో, నెల్లూరు యాసతో సహా వచ్చింది. "ఏందయ్యా నువ్వు! తలలకి టోపీ పెట్టాలా తీయాలా అని అడిగితివి. జిప్పు వేయాలా వద్దా అని అడిగితివి. నాకక్కడ అర్ధరాత్రని కూడా లేకుండా ఆ స్పీకరు ఫోను పట్టుకుని ఈ కట్టెముక్కలని పడుకోబెట్టాలా నిలబెట్టాలా అని అడిగితివి. పెళ్లాన్ని తెచ్చుకోవాలి సార్ అని ఒక్కసారి అడగలేకపోతివా? ఆ పిల్ల అక్కడ ఏమనుకుంటా ఉంటుంది?"

ఏమనుకుంటోందో నాకు తెలుసు. శనివారం శనివారం చెబుతూనే ఉంది. కట్టెముక్కలని సారే అన్నారని కూడా నాకు అప్పుడు తోచలేదు. తల వంచుకుని ఆ ఇనప తలని గట్టిగా తుడిచాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చూడకూడదని ఇంకా గట్టిగా తుడిచాను.

సారు జేబులోంచి ఫోను తీసి, శనివారమని కూడా చూడకుండా హెచ్.ఆర్. మేడమ్‌కి చేశారు. ఇంగ్లీషులో రెండు ముక్కలు. అంతే. సోమవారం పొద్దున్న పని మొదలుపెట్టమన్నారు. లిఫ్టులో ఆయన "చూద్దాం" అన్న తర్వాత నేను మళ్లీ అడిగి ఉంటే, ఆ రెండు ముక్కలు వినాయక చవితికే అయిపోయేవి. ఫోను పెట్టేసి, "విమానం సంగతి తర్వాత చూస్తాను. ముందు తుడవండి, రేపు ఆట ఉంది" అన్నారు. ముగ్గురం తివాచీమీద చుట్టూ కూర్చుని, పెళ్లింట్లో కూరగాయలు తరిగేవాళ్లలా తుడిచాం. తలుపు ఎందుకు తీయాల్సి వచ్చిందో రికార్డుకి కారణం కావాలి కదా, "గదిలో ఉండకూడని వస్తువు తొలగించబడినది" అని సారే చెప్పారు, బావ ఎక్కించాడు. అబద్ధమేమీ లేదు. మర్నాడు ఛైర్మన్ గెలిచాడు (క్లయింటు గెలవక ఇంకెవరు గెలుస్తారు?). సారు క్లబ్బులకి మాత్రం ఏమీ కాలేదు. వాటి వాసన ఛైర్మన్‌కి ఎంతో నచ్చి, అదేం పాలిష్ అని అడిగాడట.

కంప్యూటర్లకి గండం గడిచింది. ఏ కంప్యూటరూ పడిపోలేదు, ఆ తర్వాత మాలో చాలామందికి పని లేకుండా పోయింది, అది వేరే కథ. ఫిబ్రవరిలో మా ఆవిడ చాంగీలో దిగింది. బండి తోసుకుంటూ బయటికి వచ్చి, నన్ను చూసి, మొట్టమొదట అడిగిన మాట, "ఇన్నాళ్లు ఎందుకు పట్టింది?" అని. ఆఫీసులో పని ఎక్కువగా ఉందన్నాను. టాక్సీలో సగం దారిలోనే మొత్తం కథ లాగేసింది. చివరికంటా విని, నవ్వుతుందనుకుంటే నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, నా చెయ్యి పట్టుకుని, "ఇకనించి ఏం కావాలన్నా నాకు చెప్పండి, నేను అడుగుతాను" అంది.

అప్పటి ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు జాలేస్తుంది. వేల కిలోమీటర్ల అవతల కూర్చున్న మనిషిని జిప్పు గురించి అడిగే ధైర్యం ఉంది వాడికి, నా భార్య నాక్కావాలని అడిగే ధైర్యం లేదు. కాలం గడిచింది, జుట్టు తెల్లబడింది, నా కిందా ఓ పదిమంది పనిచేస్తున్నారు, అంచేత ఆ జబ్బు ఎప్పుడో నయమైపోయి ఉంటుందని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. మొన్న గోడకి మేకు కొట్టాల్సి వచ్చి ఎదురింటివాళ్ల డ్రిల్లింగ్ మిషను అవసరమైంది. వాళ్ల తలుపు తెరిచే ఉంది. ఆ ఇంటాయన హాల్లోనే కూర్చుని నన్ను చూసి నవ్వాడు కూడా. నేనూ నవ్వాను, వాన పడేలా ఉందన్నాను, ఆయన అవునన్నాడు. లోపలికి వచ్చేసి మా ఆవిణ్ణి పంపించాను.